ఎక్కుడూ దిగుడూ లేని దారి

ఆ ఆదివారం నేను వంటింటి గడప దగ్గర కూర్చుని, కాళ్ళు రెండూ గోరువెచ్చని ఉప్పునీళ్ళ బకెట్లో పెట్టుకున్నాను. మా ఆయన ఫోన్ పట్టుకుని వచ్చి నా పక్కనే నేల మీద కూర్చున్నాడు.

"గిది సూడు" అన్నాడు.

తెర మీద పచ్చటి కొండలు, వాటి మీద మంచు, తేయాకు తోటల మధ్య సన్నటి దారి. ఆ దారిలో ఇద్దరు మనుషులు, ఇంచుమించు మా వయసువాళ్ళే, వీపున సంచులు వేసుకుని నడుస్తున్నారు. ఎవరో వాళ్ళ వెనక నడుస్తూ తీసిన వీడియో.

"ఏ ఊరు?" అని అడిగాను.

"శ్రీలంక. కొండల దిక్కు. జనం పోయి ఉత్తగనే నడుస్తరంట. పొద్దంత నడుసుడు, మాపటికి ఎవలింట్లనన్న పండుడు. మల్ల తెల్లారి నడుసుడు."

"నడిసి?"

"నడుసుడే. గంతే."

నాకు నవ్వు కూడా రాలేదు. "నేను డ్యూటీ ఎక్కినకాడికెల్లి దిగేదాంక నిలబడే ఉంట. సెలవు దొరికితే మంచం మీదికెల్లి లేవద్దనిపిస్తది. నువ్వు సముద్రం దాటిపోయి నడుద్దమంటున్నవా?"

ఆయన ఆ వీడియో మళ్ళీ మొదటినుంచి చూసి, ఫోన్ జేబులో పెట్టుకుని, బకెట్లో నీళ్ళు చల్లారిపోయాయేమోనని వేలు ముంచి చూసి, వేడినీళ్ళు తేవడానికి లేచాడు.

నేను మేడ్చల్ డిపోలో కండక్టర్ని. మేడ్చల్ నుంచి సికింద్రాబాద్, సికింద్రాబాద్ నుంచి మేడ్చల్. ఆడవాళ్ళకు టికెట్ డబ్బులు లేకుండా ప్రయాణం వచ్చినప్పటి నుంచి నా బస్సులో కాలు పెట్టే సందు ఉండదు. దానికి తోడు హైవే మీద ఫ్లైఓవర్ల పని. సుచిత్ర చౌరస్తా దగ్గర ఆగితే ఎప్పుడు కదులుతామో డ్రైవర్‌కూ తెలియదు. మా ఆయన జీడిమెట్లలో ఒక చిన్న యూనిట్లో పనిచేసేవాడు. రంగుల్లో కలిపే పొడులు అక్కడ తయారవుతాయి. ఆయనవీ షిఫ్టులే. నేను ఇల్లు చేరేసరికి గుమ్మంలో ఆయన చెప్పులు ఉండేవి కావు. ఆయన వచ్చేసరికి నేను నిద్రలో ఉండేదాన్ని. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన నోరు తెరిచి నన్ను ఇది కావాలని అడిగినట్టు గుర్తులేదు. కూరలో ఉప్పు తక్కువైతే లేచి వెళ్ళి తనే తెచ్చుకునే మనిషి. అందుకే, నేను కొట్టిపారేసినా, ఆ మాట నన్ను వదల్లేదు. మర్నాడు బస్సులో బ్యాలెన్స్ చిల్లర ఇస్తూ కూడా అదే ఆలోచించాను. ఈయనకు నడవాలని ఎందుకు పుట్టింది?

మా అమ్మాయి కొంపల్లిలో ఒక స్కూల్లో చిన్నపిల్లలకు పాఠాలు చెబుతుంది. సంగతి విని, "పోండ్రి అమ్మా, ఇద్దరు కలిసి యాదగిరిగుట్ట దాటి ఎన్నడన్న పోయిండ్రా?" అంది. పాస్‌పోర్టులకు అదే దరఖాస్తు పెట్టింది. ఫోటో దిగడానికి వెళ్ళినప్పుడు మా ఆయన కొత్త చొక్కా వేసుకుని, ఫోటో తీసే అబ్బాయి నవ్వొద్దంటున్నా నవ్వుతూనే ఉన్నాడు. అది చూశాక ఇక కాదనలేకపోయాను.

అసలు చిక్కు సెలవులతో వచ్చింది. డిపోలో అడిగితే, శివరాత్రికి కీసరగుట్ట స్పెషల్ బస్సులు నడవాలి, అవి అయ్యేదాకా సెలవన్న మాట ఎత్తొద్దన్నారు. ఉగాది దాటాక చూద్దామన్నారు. ఉగాది దాటితే ఆ కొండల్లో మధ్యాహ్నాలు వానలు పడతాయని మా ఆయన ఎక్కడో చదివాడు. "పొద్దుగాల నడుద్దం, పగటీలి పండుకుందం" అని తనే సర్దుకున్నాడు. అప్పటికి ఆయన ఫోన్ నిండా ఆ దీవి మ్యాపులే. ఏ ఊరి నుంచి ఏ ఊరికి దారి, మధ్యలో ఏ కొండ, ఎక్కడ జలపాతం, అన్నీ నోటికి వచ్చేవి. హపుతలే, బండారవెల, ఎల్ల అని ఆ ఊళ్ళ పేర్లు చుట్టాల ఇళ్ళ పేర్లు చెప్పినట్టు చెప్పేవాడు. నేను డ్యూటీ దిగి వచ్చి పళ్ళెం ముందు కూర్చుంటే, "గీ కొండ ఎక్కినమంటే దిక్కులన్ని కనవడతయంట" అని మొదలుపెట్టేవాడు. నాకు అన్నం మీదే కళ్ళు మూతలు పడేవి.

అలవాటు చేసుకోవాలని ఇద్దరికీ సెలవు కలిసిన పొద్దుటి పూటల్లో స్కూటర్ మీద శామీర్‌పేట చెరువుకు వెళ్ళేవాళ్ళం. కట్ట మీద నడిచేవాళ్ళం. ఆదివారాలైతే నగరం నుంచి కార్లలో వచ్చినవాళ్ళు ఫోటోలు దిగుతూ దారికి అడ్డంగా నిలబడి ఉంటారు. మామూలు రోజుల్లో ఎవరూ ఉండరు. నీళ్ళ మీది నుంచి చల్లగాలి వచ్చేది. మా ఆయన సంచిలో రెండు నీళ్ళ సీసాలు, ఒక చద్దరు పెట్టి, అది వీపుకు తగిలించుకుని ముందు నడిచేవాడు. నేను వెనక. మాట్లాడుకునేది ఏమీ ఉండేది కాదు. కట్ట చివర ఆగి, ఆయన చాలాసేపు నీళ్ళను చూస్తూ నిలబడేవాడు. చూడ్డానికి ఇష్టపడుతున్నాడనుకునేదాన్ని. ఊపిరి కూడదీసుకుంటున్నాడని అప్పుడు నాకు తెలియదు.

కట్ట చదునుగా ఉంది, కొండలెక్కడం అలవాటు కావాలంటే గుట్ట ఎక్కాలి అన్నది నేనే. శివరాత్రి హడావిడి పూర్తయి, నా ఒళ్ళు కాస్త తేరుకున్నాక ఒక పొద్దున కీసరగుట్టకు వెళ్ళాం. స్కూటర్ కింద పెట్టి మెట్ల దారి పట్టాం, నేను ముందు, ఆయన వెనక. జాతర అయిపోయి గుట్ట ఖాళీగా ఉంది. కోతులు మాత్రం ఉన్నాయి. కొన్ని మెట్లెక్కాక నా వెనక అడుగుల చప్పుడు లేదని తోచి తిరిగి చూశాను.

ఆయన మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. సంచి పక్కన పడి ఉంది. రెండు చేతులూ మోకాళ్ళ మీద ఆనించి, నోరు తెరిచి గాలి పీలుస్తున్నాడు. ఆ చప్పుడు నాకు పైమెట్టు దాకా వినబడింది. గబగబా దిగి వెళ్ళి నీళ్ళ సీసా మూత తీసి ఇస్తే, వద్దని చెయ్యి ఊపాడు. నీళ్ళు తాగడానికి కూడా ఊపిరి కావాలి కదా.

ఒక కోతి వచ్చి సంచి జిప్పు లాగుతుంటే తోలాను. చాలాసేపటికి ఆయన మామూలుగా ఊపిరి తీసుకున్నాడు.

"ఎన్ని దినాలసంది గిట్ల?" అన్నాను.

"చలికాలం ముంగటికెల్లి."

"నీకెట్ల తెలిసింది?"

"కంపెనీల పరీక్షలు జేసిండ్రు. గొట్టంల ఊదుమన్నరు. ఊదిన. ఆ డాక్టరు సూసి మల్ల ఊదుమన్నడు. మల్ల ఊదిన. ఆయన మొఖం జూస్తేనే నాకు సమజైంది."

"నాకెందుకు చెప్పలే?"

"నీకున్న పరేషాన్ సాలదా?"

ఒక ముసలమ్మ పూలబుట్ట నెత్తిన పెట్టుకుని, మా ఇద్దరినీ చూస్తూ మమ్మల్ని దాటి పైకి వెళ్ళిపోయింది. ఆమె వెళ్ళాక అడిగాను. "గందుకేనా నడుద్దమన్నవ్?"

ఆయన తల వంచుకుని చెప్పాడు. "ఊపిరి ఉన్నప్పుడే యాడనన్న మంచి గాలిల నడవాలనిపించింది. ఒక్కన్ని కాదు. నీతోని."

నాకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది, అదీ పూర్తిగా రాలేదు. కోపం తెచ్చుకోవాలన్నా ఒంట్లో కొంత సత్తువ ఉండాలి. ఆయన చెయ్యి పట్టుకుని మెల్లగా కిందికి దిగాం. ఇంటిదాకా స్కూటర్ నేనే నడిపాను. వెనక కూర్చున్న ఆయన ఊపిరి నా మెడ మీద తగులుతుంటే, దారి పొడుగునా దాన్నే వింటూ వచ్చాను.

ఆ వారంలోనే పేట్ బషీరాబాద్‌లో ఊపిరితిత్తుల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను. చిన్న వయసే ఆమెది. పరీక్షలన్నీ చేసి మమ్మల్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పింది. "పోయిన బలం తిరిగి రాదు. ఉన్నదాన్ని కాపాడుకోవచ్చు. ముందు ఆ పొడి దగ్గర పని మానెయ్యండి. నడక మంచిదే, రోజూ నడవండి. ఎత్తులు మాత్రం ఎక్కొద్దు."

శ్రీలంక మాట ఆయన ఎత్తలేదు. నేనే అడిగాను. ఆమె మేం వెళ్ళాలనుకున్న ఊరి ఎత్తు ఫోన్‌లో చూసి, మందులు దగ్గర పెట్టుకుని మెల్లగా తిరిగితే వెళ్ళొచ్చంది. కొండలెక్కడం మాత్రం వద్దని మళ్ళీ చెప్పింది.

బయటికొచ్చాక ఆయన, "కొండలెక్కకుంట కొండలకు పోయేది ఎందుకు? ఇడిసిపెట్టు" అన్నాడు. ఇంటికెళ్ళి ఫోన్‌లోంచి ఆ మ్యాపులన్నీ తీసేశాడు. మర్నాడు యూనిట్లో అడిగితే, గేటు దగ్గర సరుకు వచ్చీపోయేది చూసుకునే పని ఇచ్చారు. ఓవర్‌టైమ్ ఉండదు, పొడి ఉండదు. ఇక పగటి షిఫ్టే. చాలా ఏళ్ళ తర్వాత మేమిద్దరం ఒకే వేళకు అన్నం తినడం మొదలుపెట్టాం. కాని ఒకరి ముఖం ఒకరం చూసుకునేవాళ్ళం కాదు. ఆయన గోడ వైపు చూస్తూ తినేవాడు. నేను ఆయన ఛాతీ వైపు, అది ఎగసిపడుతోందా లేదా అని.

ఒక మధ్యాహ్నం బస్సు సుచిత్ర దగ్గర ఎప్పటిలాగే ఆగిపోయింది. లోపల ఉక్కపోత. ఒకామె బిడ్డ ఏడుస్తున్నాడు, వెనక సీటు కోసం ఇద్దరు ఆడవాళ్ళు జుట్టు పట్టుకునేదాకా వచ్చారు. వాళ్ళను విడదీసి, డ్రైవర్ వెనక కడ్డీకి ఒరిగి నిలబడ్డాను. అప్పుడు తోచింది నాకు. ఆ కొండల మీద ఊళ్ళున్నాయి. ఊళ్ళుంటే మనుషులుంటారు. మనుషులుంటే బస్సు ఉండాల్సిందే. కొండ మీదికి బస్సు పోతే, మనం ఎక్కాల్సిన పనేముంది? ఎక్కేది బస్సు, దిగేది మనం.

ఆ సాయంత్రం చెప్పులు కూడా విడవకుండా చెప్పాను. "ఏమయ్యా, కొండ పైదాంక బస్సుల పోదం. కిందికి నడుద్దం. మల్ల ఇంకో కొండకు బస్సు. మల్ల దిగుడు. ఊపిరికి ఏం కష్టం?"

ఆయన చాలాసేపు నా ముఖం చూశాడు. తర్వాత ఫోన్ తీసి మ్యాప్ తెరిచాడు. మళ్ళీ ఆ ఊళ్ళ పేర్లు మొదలయ్యాయి. ఈసారి నేనూ పక్కన కూర్చున్నాను. ఏ బస్సు ఎక్కడ ఎక్కి ఎక్కడ దిగాలో నేను చెప్పాను. ఎరగని ఊరైనా బస్సు దారి చూస్తే నాకు అర్థమవుతుంది. కొండ చుట్టూ ఆ రోడ్డు మెలికలు చూస్తుంటే, అక్కడి కండక్టర్ ఆ వంపుల్లో ఎలా నిలబడతాడో అని కాళ్ళు గుంజాయి.

ఈ పద్ధతిని కూడా ముందు పరీక్షించి చూద్దామంది మా అమ్మాయి. మళ్ళీ కీసరగుట్టకే వెళ్ళాం. అమ్మాయి రోడ్డు మీదుగా ఒకరి తర్వాత ఒకరిని పైదాకా స్కూటర్ మీద దించి, తను కిందికి వెళ్ళి మా కోసం ఆగింది. మేం మెట్ల దారిన దిగడం మొదలుపెట్టాం. ఆయన హాయిగా దిగుతున్నాడు. చేతులూపుకుంటూ, మధ్యలో ఆగి, దూరంగా ఉన్న రాళ్ళగుట్టలు చూపిస్తూ. ఈసారి వెనకబడింది నేను.

మొదట పిక్కలు వణికాయి. తర్వాత మోకాళ్ళు. ఒక్కో మెట్టు దిగుతుంటే మోకాలి చిప్ప లోపల ఎవరో కత్తితో గీరినట్టు నొప్పి. ఏళ్ళ తరబడి కదిలే బస్సులో నిలబడ్డ మోకాళ్ళవి. ఎక్కడం పర్వాలేదు కాని, దిగడం వాటి వల్ల కాదని ఆ రోజే తెలిసింది. చివరికి కడ్డీ పట్టుకుని, పక్కకు తిరిగి, పసిపిల్లలా ఒక్కో మెట్టు మీద రెండు కాళ్ళూ పెట్టుకుంటూ వచ్చి, ఇక చాతకాక కూర్చుండిపోయాను. ఆయన తిరిగి నా దాకా ఎక్కి రాబోతుంటే, "నువ్వు ఎక్కకు! ఆడనే ఉండు!" అని అరిచాను.

ఆయన అక్కడే నాలుగు మెట్ల కింద కూర్చున్నాడు. నన్ను చూసి, తన ఛాతీ తట్టుకుని చూపించి, నా మోకాళ్ళ వైపు వేలు చూపించాడు. "నాకు ఎక్కుడు రాదు. నీకు దిగుడు రాదు. మనకెందుకే కొండలు?"

మేం నవ్వాం. నవ్వి నవ్వి ఆయనకు దగ్గు వచ్చింది. దగ్గుతూనే నవ్వాడు. కింద నుంచి అమ్మాయి ఏమైందో అని కంగారుగా పరుగెత్తుకొచ్చి, మమ్మల్ని చూసి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. "మీ ఇద్దరికి మతి పోయింది" అంది. ఆ తర్వాత తనూ ఒక మెట్టు మీద కూర్చుంది.

శ్రీలంకలో మేం బస చెయ్యాలనుకున్న ఇంటి యజమానురాలికి ఆ రోజే అమ్మాయి ఇంగ్లీషులో రాసింది. హపుతలే దగ్గర తేయాకు తోటలో ఉంది ఆ ఇల్లు. మా నాన్న ఎత్తు ఎక్కలేడు, మా అమ్మ పల్లం దిగలేదు, వాళ్ళకు నడవాలని ఉంది, ఏదైనా దారి ఉందా అని అడిగింది. అలా రాసి పంపిందని తెలిసి నేను సిగ్గుపడ్డాను. మర్నాడు జవాబు వచ్చింది. అమ్మాయి చదివి చెప్పింది. ఆకు మోసే బండ్ల కోసం వెనకటి రోజుల్లో కొండ నడుం చుట్టూ తవ్విన దారి ఒకటి ఉందట. ఎక్కుడు లేదు, దిగుడు లేదు. ఆమె అత్తగారు రోజూ నడుస్తుందట. "కాకపోతే ఆ దారి ఎక్కడికీ పోదు. కొండ చుట్టి మళ్ళీ మా ఇంటికే వస్తుంది. అందుకని యాత్రికులు ఎవరూ అడగరు" అని రాసింది.

మా ఆయన ఆ మాట మళ్ళీ చదవమన్నాడు. విని, "మనకు మాత్రం యాడికి పోయేదుంది?" అన్నాడు.

ఉగాది తర్వాత సెలవు దొరికింది. ఊరూరా తిరగాలన్న పాత ఆలోచనంతా వదిలేసి, ఆ ఒక్క ఇంట్లోనే ఉండేలా వెళ్ళాం. విమానం, తర్వాత రైలు. రైలు కొండలెక్కుతుంటే ఆయన కిటికీ వదల్లేదు. నేను చాలావరకు నిద్రపోయాను. చేరేసరికి వాన. మొదటి రోజు నడవనే లేదు. ఇంటావిడ పెట్టిన అన్నం, పప్పు, కొబ్బరి పచ్చడి తిని పడుకుంటే మెలకువ వచ్చేసరికి పొద్దు వాలింది. రెండో రోజూ అంతే. ఇంత దూరం నిద్రపోవడానికి వచ్చామా అని నాకు కష్టమనిపించింది. కాని అంత నిద్ర ఒంట్లో ఎక్కడ దాగి ఉందో, తవ్వేకొద్దీ వస్తూనే ఉంది.

మూడో పొద్దున వాన వెలిసింది. ఆ దారి పట్టుకున్నాం. ఒక పక్క తోట ఎత్తుగా లేస్తుంది, ఇంకో పక్క లోయలోకి జారిపోతుంది, మధ్యన దారి మాత్రం చదునుగా, మన చెరువు కట్టలాగే. బుట్టలు వీపున వేసుకున్న ఆడవాళ్ళు వరసలో నిలబడి ఆకు కోస్తున్నారు. నిలబడే పని. మమ్మల్ని చూసి ఒకామె ఏదో అంది, భాష తెలియదు. నేను నా మోకాళ్ళు చూపించాను. ఆమె తన నడుం చూపించింది. ఇద్దరం తల ఊపుకున్నాం.

ఆయన మెల్లగా నడిచాడు. నేనూ మెల్లగానే. ఈసారి ఎవరూ వెనకబడలేదు. ఒక వంపు దగ్గర మంచు తేలిపోయి లోయ అడుగుదాకా కనిపించింది. ఆయన అక్కడ ఆగాడు. ఊపిరి కోసమా, చూడ్డానికా అని నేను అడగలేదు. సంచిలోంచి చద్దరు తీసి గట్టు మీద పరిచాను. కూర్చున్నాం. కొండ చుట్టూ పూర్తిగా తిరగాలన్నది అనుకున్న మాట. కాని ఎండ ఎక్కింది, ఇద్దరికీ అలసటగా ఉంది.

"ఎనుకకు పోదమా?" అన్నాడు.

"పోదం."

ఉన్నన్ని రోజులూ అంతే. ఆ వంపుదాకా వెళ్ళడం, కూర్చోవడం, వెనక్కి రావడం. కొండకు అవతలి వైపు ఎలా ఉంటుందో మేం చూడలేదు. తిరిగొచ్చిన మర్నాడే నాకు పొద్దుటి మొదటి ట్రిప్పు పడింది. బస్సు కిక్కిరిసి ఉంది. టికెట్ మిషన్ మెడలో వేసుకుని, "జరగుండ్రి, లోపలికి జరగుండ్రి" అని అరుస్తూ ఎక్కాను.